మావ కుందేలు

నేను చెప్పేవాటిలో ముప్పాతిక వంతు కోతలేనని కొత్తవలసలో అందరికీ తెలుసు. కాదనను. గొడుగుతో పులిని అదిలించానన్నది కోత. అనంతగిరి కొండ మీద తేనెపట్టు నన్ను పేరు పెట్టి పిలిచిందన్నదీ కోతే. ఇది మాత్రం మిగిలిన ఆ పాతిక వంతులోది. ఎవరి మీద ఒట్టెయ్యమంటారు? దేవుళ్ళ మీద ఇదివరకే చాలా వేసి ఉన్నాను, వాళ్ళని వదిలేద్దాం. మా మావ కాలి మీద ఒట్టు. కాలి మీదే ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

బైలదిల్లా గనుల నుంచి ఇనుపరాయి మోసుకుంటూ గూడ్సులు కొత్తగా మా ఊరి మీదుగా తిరగడం మొదలెట్టిన రోజులవి. శృంగవరపుకోట సంతలో అడ్డాకులు, చింతపండు, కొండతేనె కొని తెచ్చి అమ్ముకునేవాణ్ణి. ఊరి చివర, రైలు కట్టకి దగ్గరగా ఒక డాక్టరుగారుండేవారు. పెద్దాసుపత్రిలో పనిచేసి రిటైరై వచ్చినాయన. నా దగ్గర తేనె డబ్బాలకి డబ్బాలు కొనేవారు. ఒంటరి మనిషి, ఇంత తేనె ఏం చేసుకుంటాడని ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"కుందేళ్ళకి రాస్తానయ్యా," అన్నారు.

నన్ను మించినవాడు దొరికాడురా అనుకున్నాను. పెరట్లోకి తీసుకెళ్ళి చూపించారు. రేకుల షెడ్డు. వరసగా పంజరాలు. వాటి కాళ్ళు నీళ్ళు పోసిన కొబ్బరి చిప్పల్లో పెట్టి ఉన్నాయి, చీమలు ఎక్కకుండా. లోపల తెల్ల కుందేళ్ళు. ఒక్కోదానికి వీపు మీద బొచ్చు గొరిగి ఉంది, అక్కడ పావలా కాసంత పుండు.

ఆయన పట్టుదల ఒకటే. చక్కెర జబ్బున్నవాళ్ళకి కాలి మీద పుండు పడితే మానదు. చీము పడుతుంది, కుళ్ళుతుంది, ఆఖరికి కాలు తీసేస్తారు. అలాంటి కాళ్ళు తీసి తీసి విసిగిపోయారట. అందుకని కుందేలు చెవి నరంలోకి ఏదో మందెక్కించి దానికీ ఆ జబ్బు తెప్పిస్తారు. మత్తిచ్చి వీపు మీద చర్మం కాస్త తీస్తారు. ఆ పుండుకి చీము అంటిస్తారు. కొన్నిటికి తేనె, కొన్నిటికి మామూలు మందు, కొన్నిటికి ఏమీ లేదు. ఏది మానుతుందో చూస్తారు.

"తీపి జబ్బుకి తీపి రాయడమేటి బాబూ?" అన్నాను.

"అదే తేల్చుకుందామని. మనిషి మీద పెట్టి చూడలేం కదా."

"అయితే కుందేలుకి మానితే మనిషికీ మానిపోద్దా?"

"అక్కడే ఉంది చిక్కు. కుందేలు చర్మం వదులు. పుండుని నాలుగు పక్కల నుంచీ లాక్కుని మూసేసుకుంటుంది. మన చర్మం అలా లాక్కోదు. అందుకని కుందేలుకి పైన మూసుకుంటే సంబరపడకూడదు. లోపల చీముందో లేదో కోసి చూడాలి."

ఈ 'కోసి చూడాలి' అన్నమాట కాస్త గుర్తుపెట్టుకోండి.

మొత్తానికి తేనె ఇవ్వడానికి వెళ్ళినవాణ్ణి కుందేళ్ళకి గడ్డి వేసే పనిలో కుదిరిపోయాను.

ఇంతలో మా మావకి తుమ్మముల్లు గుచ్చుకుంది. మావంటే మా ఆవిడ తండ్రి, సన్నాసినాయుడు. అత్తంటే మా నాన్నకి సొంత అప్ప, అంటే అక్క. పేరు అప్పాయమ్మ. వాళ్ళది శృంగవరపుకోటకి వెళ్ళే దారిలో పల్లె. మావ చెప్పుల్లేకుండా నడిచినా నేల అదిరేది. అలాంటి మనిషి ముల్లు గుచ్చుకున్నాక మంచమెక్కాడు. పాదం వాచింది, చీము పట్టింది. ఒంట్లో చక్కెర ఉందని అప్పుడే తెలిసింది. ఆ కాలు కింద పెట్టడానికి వీల్లేదు. చెక్కకి కట్టేసి ఉంచారు.

డాక్టరుగార్ని బతిమాలి తీసుకెళ్ళాను. ఆయన కట్టు విప్పి, దూదితో కాస్త చీము తీసి సీసాలో పెట్టారు.

"ఇది కుందేలుకి అంటించి చూస్తానమ్మా. తేనెకి లొంగుతుందో లేదో తెలుస్తుంది. ఈలోపల ఈయనకీ తేనె కట్టే కడదాం," అన్నారు.

అత్త రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఆ దండంలో ఎంత ఉందో నాకప్పుడు తెలీలేదు.

మావైపు ఇళ్ళల్లో ఎవరికన్నా జబ్బు ముదిరితే దిగదుడుపు చేస్తారు. కోడినో మేకపిల్లనో మనిషి చుట్టూ తిప్పి, ఒంట్లో ఉన్నదంతా దాని మీదికి దించి, పొలిమేర దాటించి వదిలేస్తారు. దాన్ని కొయ్యకూడదు. కోస్తే తీసుకుపోయినదంతా వెనక్కి తిరిగొచ్చేస్తుందని భయం. అత్తకి అర్థమైంది ఇదీ. డాక్టరుగారు చేస్తున్నదీ దిగదుడుపే. కాకపోతే ఇంగ్లీషు దిగదుడుపు.

"మంచోడురా ఈ డాట్రుబాబు," అంది నాతో. "మనం కోడితో సరిపెట్టుకుంటాం. ఈ బాబు ఏకంగా కుందేలునే ఇచ్చీసినాడు."

వారం తిరక్కుండా షెడ్డుకి వచ్చేసింది. నోట్లో అడ్డపొగ. మావైపు ఆడవాళ్ళు చుట్ట కాలే కొస నోట్లో పెట్టుకుని పీలుస్తారు, నిప్పు లోపల, చుట్ట బయట. అలాగే పీలుస్తూ పంజరాలన్నీ కలయజూసింది.

"ఒరే అప్పలసామీ, మీ మావ కుందేలు ఏదిరా?"

నేను చూపించాను. కుడి చెవి కొస తెగి ఉన్నది. మావ చీము అంటించింది దానికే మరి.

అత్త దాని ముందు చతికిలబడి మూటలోంచి పచ్చి గరిక తీసింది. "ఇంద, మెక్కు. అక్కడేమో జావ తాగు మావా అంటే మూతి ముడుసుకుంటావు. ఇక్కడ గడ్డి పెడితే కరకర నములుతన్నావు. సిగ్గునేదేటి నీకు?"

"అత్తా, అది కుందేలు."

"నాకు తెలీదేటి? నువ్వూరుకో."

అప్పట్నించీ సంతరోజు వచ్చినప్పుడల్లా ఆవిడ గరిక తేవడం, కుందేలుని తిట్టిపొయ్యడం. చిత్రమేమిటంటే ఆ తిట్లకి అది చెవులు వాల్చుకుని ముడుచుకునేది... అచ్చం మావలాగే.

రోజులు గడిచాయి. ఆ కుందేలు పుండు మూసుకుంది. డాక్టరుగారు వేలితో తడిమి తల పంకించారు.

"రేపు పొద్దున్న దీన్ని కోసి చూస్తాను. లోపల శుభ్రంగా ఉందా, మీ మావకి తేనె కట్టే కొనసాగిద్దాం. చీము దాక్కుని ఉందా, ఇంక ఆలస్యం చెయ్యను. విశాఖపట్నం పంపి కాలు తీయించేస్తాను. ఆయనకి జ్వరం వదలడం లేదు. కాలు కోసం చూసి ప్రాణం పోగొట్టుకోకూడదు."

నాకు నోట్లో నువ్వుగింజ నానదు. ఆ మధ్యాహ్నం గరిక మూటతో వచ్చిన అత్తతో అంతా చెప్పేశాను. ఆవిడ చేతిలో గడ్డి జారిపోయింది.

"కోసీడమేటిరా? దిగదుడిసిన జీవాన్ని కోత్తారేటి? మీ మావకి అంతా ఎనక్కొచ్చీదా?"

"అది అలాక్కాదత్తా..."

"ఎలాగో నువ్వు సెప్పకు."

గడ్డి అక్కడే వదిలి వెళ్ళిపోయింది. బస్సుకి పోయిందనే అనుకున్నాను.

ఆ రాత్రి నేను షెడ్డులోనే ఉండాలి. సాయంత్రం కొత్త కుందేళ్ళకి మందెక్కించారు. ఆ మందుకో తిరకాసుంది. చక్కెర జబ్బు తెప్పించే మందే గాని, మొదటి రాత్రి ఒంట్లో తీపిని అడుగంటా లాగేస్తుంది. అవి కొట్టుకుని కొట్టుకుని చచ్చిపోకుండా గాజు గొట్టంతో పంచదార నీళ్ళు నోట్లో పొయ్యాలి. మా ఇంట్లో కాఫీకి రేషను పంచదార దొరక్క బెల్లం వేస్తున్న రోజులు. కుందేళ్ళకి మాత్రం తెల్ల పంచదార!

వాన మొదలైంది. రేకుల మీద ఒకటే మోత. లాంతరు పక్కన పెట్టుకుని పంజరం పంజరానికీ తిరుగుతున్నాను. వాన హఠాత్తుగా ఆగింది. చూరు నుంచి చినుకు... ఆగి ఆగి... చినుకు. ఎక్కణ్ణించో ఒక్క విసురు గాలి వచ్చింది. లాంతరు ఆరిపోయింది.

అగ్గిపెట్టె తడిసిపోయింది. గీసిన పుల్ల గీసినట్టే ముద్దయిపోతోంది. కటిక చీకటి. కుందేళ్ళ ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

అప్పుడు... చుట్ట వాసన.

ఘాటుగా. దగ్గర్లో. చుట్టంటే నిప్పు కనపడాలా లేదా? నాలుగు పక్కలా తిరిగి చూశాను. ఎక్కడా ఎర్రటి చుక్కన్నది లేదు. వాసన మాత్రం దగ్గరికొస్తోంది. ఇంకా దగ్గరికి...

ఒక మొహం వెలిగింది.

గాల్లో. ఒట్టి మొహం. బయట దీపం లేదు, లోపల్నించి వెలిగింది. రెండు బుగ్గలూ కుంపట్లో బొగ్గుల్లా ఎర్రబడ్డాయి... ఆరిపోయాయి... మళ్ళీ ఎర్రబడ్డాయి.

నా గొంతులోంచి కేక రాలేదు. పిల్లి కూన మూలిగినట్టు ఏదో వచ్చింది.

"అరవకురా ఎదవా, నాను," అంది మొహం.

అత్త! అడ్డపొగ! నిప్పు నోట్లో ఉంటే బయటికెలా కనిపిస్తుంది? నేను నేల మీద కూలబడి నవ్వాను. ఏడ్చానేమో కూడా. మొహం మీద తడి ఉంది గాని, చెమటని చెప్పుకున్నాను.

"బస్సుకి పోలేదా?"

"ఎలాగ పోతాను? కట్ట కింద తూములో కూసున్నాను, వాన తగ్గీదాకా. ఎనక తలుపు తీసుకుని వొచ్చినాను. మీ మావ కుందేలు ఇచ్చీ. పట్టుకుపోతాను."

"పొద్దున్న డాక్టరుగారు అడిగితే ఏం చెప్పను? అది కోసి చూస్తేనేగాని మావ కాలు ఉంచాలో తియ్యాలో ఆయనకి తెలీదు."

"కోసినారంటే ఇంక కాలు సంగతి సూడక్కర్నేదు."

చీకట్లోనే పంజరం తడిమి, గడియ తీసి, దాన్ని గుండెకి హత్తుకుంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఇయ్యాలో, వద్దో. ఇస్తే డాక్టరుగారికి ద్రోహం. ఇవ్వకపోతే... మావకి ఏమైనా అయితే ఆవిడ జన్మలో నా మొహం చూడదు. ఇద్దరం కుందేలుని చెరోవైపూ పట్టుకుని లాగుడు. అప్పుడే గూడ్సు వచ్చింది. నేల కదిలింది. పంజరాలు గడగడలాడాయి. కొబ్బరి చిప్పల్లో నీళ్ళు చింది నా కాళ్ళ మీద పడ్డాయి. ఎంత పొడుగు బండో... పోతూనే ఉంది... పోయింది.

నిశ్శబ్దం.

ఆ తర్వాత వినిపించింది.

టక్...

సర్ర్...

ముందు తలుపు వైపు గచ్చు మీద. డాక్టరుగారింటి వైపు నుంచి షెడ్డు దాకా గచ్చు ఉంది. దాని మీద ఎవరో వస్తున్నారు.

టక్... సర్ర్...

కర్ర నేలకి తాకినట్టు. వెనకే ఒక కాలు ఈడ్చినట్టు.

డాక్టరుగారు కారు. ఆయన నడక నాకు తెలుసు, మెత్తటి చెప్పులు. మాకు తెలిసినవాళ్ళలో అలా నడిచేవాళ్ళు ఎవరూ లేరు.

కుందేలుకి భయమేస్తే వెనక కాలితో నేలని కొడుతుంది. ఒకటి కొట్టింది. దబ్. ఇంకోటి. దబ్. ఒక్కసారి షెడ్డంతా దబదబదబ... మద్దెల వాయించినట్టు. ఆ తర్వాత అన్నీ ఒకేసారి ఆపేశాయి. ఊపిరి కూడా ఆపేశాయనుకుంటాను.

టక్... సర్ర్...

తలుపు దగ్గరికొచ్చి ఆగింది.

తలుపు సందులోంచి ఏమీ కనపడలేదు. మూలుగు లేదు. దగ్గు లేదు. గడియ కదపలేదు. ఊరికే... నిలబడి ఉంది. అవతల ఏదో నిలబడి ఉందని చూడక్కర్లేకుండా ఒంటికి తెలుస్తుంది చూడండి... అలాగ.

"ఎవులది?" అంది అత్త. గొంతు ఆవిడది కానట్టుంది.

చూరు నుంచి ఒక చినుకు రాలింది.

మా చేతుల మధ్యలో ఉన్న కుందేలు అంతదాకా వణుకుతోంది. అప్పుడు వణకడం మానేసింది. షెడ్డులో తక్కినవన్నీ బిగుసుకుపోయి ఉంటే, ఇదొక్కటే మెడ చాపి తలుపు వైపు ముక్కు ఆడించింది... ఎరిగినవాళ్ళు వస్తే ఆడించినట్టు.

ఎంతసేపో చెప్పలేను. తర్వాత...

సర్ర్... టక్... సర్ర్...

వెనక్కి తిరిగింది. గచ్చు మీదుగా పోయింది. కోట రోడ్డు వైపు. చిన్నదై... చిన్నదై... చినుకుల్లో కలిసిపోయింది.

అత్త అడ్డపొగ ఆరిపోయింది. అన్నం తినేటప్పుడు తప్ప ఆవిడ చుట్ట ఆరడం నేనెన్నడూ ఎరగను.

నా చెయ్యి దానంతటదే వదిలేసింది.

"తీసుకుపో అత్తా. బేగి పో," అన్నాను.

కుందేలుని కొంగులో మూట కట్టుకుని వెనక తలుపు నుంచి వెళ్ళిపోయింది. నేను తెల్లారేదాకా కొత్త కుందేళ్ళకి పంచదార నీళ్ళు పోస్తూ, మధ్యలో నేనూ తాగుతూ కూర్చున్నాను. నాకూ తీపి అడుగంటింది మరి.

వెలుగొచ్చాక ముందు తలుపు తీశాను. గచ్చు మీద మరక లేదు. గచ్చు అవతల బురద. వాన కడిగిన బురద, పాలమీగడలా నున్నగా ఉంది. ఒక్క అడుగు లేదు. కర్ర గుచ్చిన చిల్లి లేదు.

డాక్టరుగారొచ్చారు. ముందు నిజమే చెప్పాను. టక్... సర్ర్... అన్నీ. ఆయన పళ్ళు తోముకుంటూ విని, "బాగుందయ్యా, పోయినసారి పులి కన్నా ఇది నయం," అన్నారు. తర్వాత ఖాళీ పంజరం చూశారు.

"ముంగిస బాబూ," అన్నాను. "మేకపిల్లంత ఉంది. నా కళ్ళ ముందే ఎత్తుకుపోయింది."

ఆయన పంజరం దగ్గరికెళ్ళి వంగి చూశారు. "పోతూ పోతూ గడియ కూడా పెట్టి వెళ్ళిందే! మర్యాద తెలిసిన ముంగిస."

నేను నేల చూపులు చూశాను.

"సరే. కుందేలు లేదు. ఇంక చూడాల్సింది మీ మావ కాలే. పద."

బస్సెక్కాం. ఆయన దారి పొడుగునా చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని దాని మీద వేళ్ళతో కొట్టుకుంటూ కూర్చున్నారు. ఆయనకీ భయమేనని అప్పుడు తెలిసింది నాకు.

మావ మంచం మీద అలాగే ఉన్నాడు. కాలు చెక్కకి కట్టే ఉంది. డాక్టరుగారు కట్టు విప్పారు. వాసన కోసం ముక్కు మూసుకోబోయాను... వాసన రాలేదు. చిన్న చిమటా లాంటిది తీసి పుండు లోపలికి పెట్టి, మెల్లిగా అదిమారు. అత్త గుమ్మం పట్టుకుని నిలబడింది. మా ఆవిడ కళ్ళు మూసుకుంది. మావ మాత్రం దూలం వైపు చూస్తున్నాడు.

చీము రాలేదు. ఎర్రగా... పచ్చి నెత్తురు. శుభ్రమైన నెత్తురు. నెత్తురు చూసి అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు నాకు.

"అమ్మా!" అని అరిచాడు మావ. "సంపేత్తన్నావా బాబూ?"

"నొప్పి తెలిసిందా?" అన్నారు డాక్టరుగారు. "ఇన్నాళ్ళూ తెలీలేదు కదయ్యా నీకు! ఇదిగో, ఈ నల్లబడ్డ రెండు వేళ్ళూ తీసేస్తాను. అంతే. కాలు తియ్యను."

అత్త గుమ్మంలోనే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయనా నేల మీదే చతికిలబడి నీళ్ళడిగి తాగారు. అప్పుడు ఆయన చూపు మూల బోర్లించిన గంప మీద పడింది.

"అందులో ఏముందమ్మా?"

"కోడి బాబూ."

"కోడి పక్కన గరికెందుకు వేశారు?"

అత్త నా వైపు చూసింది. నేను దూలం వైపు చూశాను. గంప సందులోంచి కొస తెగిన చెవి ఒకటి బయటికొచ్చి, అటూ ఇటూ ఊగి, లోపలికి పోయింది. డాక్టరుగారు గ్లాసు కింద పెట్టారు.

"మంచి కోడి. జాగ్రత్తగా చూసుకోండి," అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆయనే అన్నారు. "ఒక్క కాలు మానితే ఏదీ రుజువైనట్టు కాదయ్యా అప్పలస్వామీ. ఇంకా చాలా కుందేళ్ళు చూడాలి." కాని ఆయన మొహం మాత్రం వెలిగిపోతోంది. అడ్డపొగ లేకుండానే.

కథ ఇక్కడితో ఆపితే బాగుండును. అంతా సుఖాంతం. నా ప్రాణానికీ హాయి. కానీ పాతిక వంతు నిజమంటూ చెప్పాక మిగతాదీ చెప్పాలి కదా.

చలికాలం వచ్చింది. నేను అత్తగారింట్లో నట్టింట్లో కూర్చుని అంబలి తాగుతున్నాను. అత్త వంటింట్లో ఉంది. కుందేలు నా పక్కనే ఏదో నములుతోంది. నా వెనక...

టక్...

సర్ర్...

చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. వంటింట్లో అత్త చేతిలో గరిటె ఖణేల్మని పడింది. ఇద్దరం ఒకర్నొకరం చూసుకున్నాం. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. కుందేలు మెడ చాపి ముక్కు ఆడించింది.

టక్... సర్ర్...

నా వెనకే వచ్చి ఆగింది.

"ఏట్రా అల్లుడా, దెయ్యాన్ని సూసినట్టు అలగుండిపోయినావు?"

మావ! కర్ర పట్టుకుని, వేళ్ళు పోయిన కాలు ఈడ్చుకుంటూ. మంచం దిగి ఆయన నడవడం అదే మొదలు. ఆ నడక లోకంలో అంతకు ముందు లేదు. ఉండటానికి వీల్లేదు. ఆ వేళ్ళు పోయింది ఆ రాత్రి తర్వాతే కదా!

కానీ నేను విన్నాను. అత్తా వింది.

డాక్టరుగారితో చెబితే షెడ్డు రేకు ఒకటి ఊడి గాలికి ఈడ్చుకుని ఉంటుందన్నారు. ఎక్కి చూశాను. నిజమే, ఒక రేకు వదులుగానే ఉంది. మేకు కొట్టాను. రేకైతే రేకే. మరి తలుపు దాకా వచ్చి ఆగి, ఆగి, తిరిగి పోయిందెందుకు? అత్తని అడిగితే, "నాకేటి తెలుసు? నువ్వూరుకో," అంటుంది.

ఇప్పటికీ మావ వెనక నుంచి వస్తే నా గుండె ఒక్క క్షణం ఆగుతుంది. తిరిగి చూస్తాను. మావే. హమ్మయ్య అనుకుంటాను. ఆ రాత్రి అదేమిటో నాకు ఇవాళ్టికీ తెలీదు. తెలిసుంటే అలా బిగుసుకుని నిలబడేవాణ్ణి కాదు. తలుపు తీసి, కాలు నొప్పెడుతుందేమో లోపలికొచ్చి కూర్చోమనేవాణ్ణి.